పదకొండు జతల చెప్పులు

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి రిగ్గైలో నాతో గది పంచుకునే ఐదుగురికీ తెలుసు, కోడూరులో ఉన్న మా ఆవిడకు ఇంకా బాగా తెలుసు. నా పేరు నరసింహులు. కువైట్‌లో ఓడలకు సరుకులు వేసే కంపెనీలో పద్దెనిమిదేళ్ళుగా వ్యాను తోలుతున్నాను. చెప్పబోయేది నా గురించి కాదు, పెంచల్ గురించి. కాకపోతే మధ్యలో నా నోరు చేసిన నిర్వాకం ఒకటి ఉంది. దాన్ని మింగేసి మిగతాది చెప్పడం నాకు చేతకాదు.

పెంచల్‌దీ మా కోడూరు పక్క పల్లే. అక్కడ బొప్పాయి తోటల్లో కాయలను కాగితంలో చుట్టి పెట్టెలకెత్తేవాడు. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళయినా ఆ చేతులకు అదే పని. షువైఖ్ రేవు దగ్గర మా గోడౌను. ఏ ఓడ వచ్చినా ముందు దాని చీటీ వస్తుంది, ఏ సరుకు ఎంత కావాలో రాసి. మేమంతా ఆ చీటీని సరుకు కోసం చదువుతాం. పెంచల్ మనుషుల కోసం చదివేవాడు. ఈ ఓడ కెప్టెన్‌కు బీపీ ఉందిరా, ఉప్పులేని బిస్కెట్లు అడిగాడు అనేవాడు. చాక్లెట్లు ఇన్ని రాశారంటే వీళ్ళు ఇళ్ళకు పోతున్నారు అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ముందు ఎర్రగడ్డల బస్తాలు ఎత్తు నాయనా, జాతకాలు తర్వాత చెబుదువు అనేవాణ్ణి. కానీ ఒకటి ఒప్పుకోవాలి, వాడు చెప్పింది ఎప్పుడూ తప్పలేదు. అదే కొంప ముంచింది.

సాంతా ఇనెస్ అని స్పెయిన్ వాళ్ళ యుద్ధనౌక ఒకటుంది. ఫ్రిగేట్ అంటారు దాన్ని. రెండు వందల మంది పైగా ఉంటారు అందులో. మొదటిసారి అది వచ్చి పదిహేనేళ్ళు దాటింది. సోమాలియా వైపు సముద్రపు దొంగల్ని వెంటాడే పని మీద ఉండేది అప్పుడు. రంగు కొత్తగా ఉంది, చీటీ నిండా మాంసం, గుడ్లు, బంగాళదుంపలు. అంతా కుర్రకారేనని తేల్చేశాడు పెంచల్. టమాటా పెట్టెలు దింపుతూ, అడుగున రెండు పెట్టెలు నలిగాయని ఎవరూ అడక్కముందే తనే మార్చేశాడు. ఆ పెట్టెలు మోసుకెళ్ళిన నావికుడు రామోన్ అది చూశాడు. చూసి చెయ్యి కలిపాడు.

ఏడేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చింది. ఈలోపు చలి సముద్రాలు తిరిగిందట, సరుకు ఓడలకు కాపలా వెళ్ళిందట, మునిగే పడవల్లోంచి వలస జనాన్ని వందల్లో పైకి లాగిందట. రామోన్‌కు మీసం వచ్చింది, స్టోరు మొత్తం వాడి చేతికొచ్చింది. చీటీలో పళ్ళు పెరిగాయి, మాంసం తగ్గింది. వీళ్ళకు వయసొస్తా ఉండాదిరా అన్నాడు పెంచల్. రామోన్ స్టోరుకు ఒక పద్ధతి ఉంది. చీటీలో లేనిది ఓడ ఎక్కదు. ఒక్క నిమ్మకాయ ఎక్కువొచ్చినా వెనక్కిచ్చి సంతకం తీసుకుంటాడు. పెంచల్‌కు ఆ పద్ధతంటే మహా గౌరవం.

మూడోసారి రావడం నిరుడు. ఆ కథే ఇది.

పెంచల్‌కు తిమ్మయ్య అని ఒక తమ్ముడు. ఎడారిలో గొర్రెలు కాసేవాడు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, మంద అమ్మేసి వీణ్ణి వదిలేస్తే, పెంచల్ వాణ్ణి ఒక లాంచిలో వంటకు పెట్టించాడు. లాంచి అంటే సరుకులు మోసే చెక్క పడవ, పద్నాలుగు మంది ఉంటారు. అన్నా, నాకు నీళ్ళంటే బయం అన్నాడట తిమ్మయ్య. నువ్వుండేది వంటింట్లో, నీళ్ళలో కాదు కదరా అని పెంచల్ సర్దిచెప్పాడు. లాంచి వెళ్ళి ఇరవై రోజులైనా ఫోను లేదు. చేరాల్సిన రేవుకు చేరలేదు. తిమ్మయ్య భార్య రెడ్డెమ్మ సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిమనిషి, ఆ ఇంటి యజమానురాల్ని మామా అంటుంది. ప్రతి శుక్రవారం బావకు ఫోన్ చేసి మొగుడి సంగతి అడిగేది. సముద్రంలో సిగ్నల్ ఉండదమ్మా అని పెంచల్ మూడు శుక్రవారాలు అబద్ధం చెప్పాడు. ఫోన్ పెట్టాక గోడకు తిరిగి కూర్చునేవాడు. నాకు చూడబుద్ధి అయ్యేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున సాంతా ఇనెస్ చీటీ వచ్చింది. పెంచల్ మామూలుగానే అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. ఏమైందిరా అని కాగితం లాక్కుని చూశాను. బియ్యం బస్తాలు, కందిపప్పు, కారప్పొడి, టీ పొడి, డబ్బా పాలు. చివర్లో పదకొండు జతల రబ్బరు చెప్పులు, సైజులతో సహా. పదిహేనేళ్ళలో ఆ ఓడ కందిపప్పు అడగలేదు.

"నరసింహులూ, ఆ ఓడలో మనోళ్ళు ఉండారు రా," అన్నాడు పెంచల్.

ఓడ ఏజెంటు ఆఫీసులో మునాఫ్ అనే గుమాస్తా ఉన్నాడు. పరుగున పోయి అడిగాం. వాడు అటూ ఇటూ చూసి లోపలి మాట చెప్పాడు. ఇంజను చెడి కొట్టుకుపోతున్న ఒక లాంచికి మంట అంటుకుంది, పొగ చూసి ఈ ఓడ వెళ్ళి మనుషుల్ని తీసుకుంది, లాంచి కువైట్‌ది కాబట్టి ఇక్కడికే తెస్తోంది. లాంచి పేరు చెప్పాడు. అదే. పేర్లు మాత్రం రాలేదు, ఎంతమంది మిగిలారో కూడా తెలీదు, కాగితాల పని ముగిసి రేపు పొద్దున అధికారులకు అప్పజెప్పేదాకా ఎవరూ నోరెత్తకూడదని ఆర్డరు. ఎంతమందో మాకు తెలుసు. చీటీలో ఉంది. లాంచి ఎక్కింది పద్నాలుగు మంది, చెప్పులు పదకొండు జతలు.

గోడౌనుకొచ్చి పెంచల్ సైజుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. ముప్పైతొమ్మిది, నలభై, నలభై ఒకటి. అన్నిటికంటే పెద్దది నలభై రెండు. తిమ్మయ్య కాలు పదో నంబరు, ఇక్కడి లెక్కలో నలభై నాలుగు. ఆ సైజు చెప్పు కోడూరు అంగళ్ళలో దొరకదని పెంచల్ సెలవుకు పోయిన ప్రతిసారీ ఇక్కణ్ణుంచే కొనుక్కుపోయేవాడు. ఊరంతా నవ్వేది, ఏనుగుకు చెప్పులు తెచ్చినాడు అని. ఆ సైజు చీటీలో లేదు. వాడు మళ్ళీ చదివాడు. మళ్ళీ లేదు.

చెప్పులు పెట్టెకెత్తేటప్పుడు వాడు పన్నెండో జత ఒకటి తీసి అడుగున పెట్టడం చూశాను. నలభై నాలుగు. ఎవరికిరా అది, రామోన్ ఒప్పుకుంటాడా అని కసిరాను. ఉండనీలే అన్నాడు. నా ముఖం వైపు చూడలేదు.

పది గంటలకు ఓడ కట్టిన చోటికి వ్యాను తీసుకెళ్ళాను. ఓడ మీద రంగు పెచ్చులూడి తుప్పు చారలు కారుతున్నాయి. ఇంటికి పోగానే దాన్ని పనిలోంచి తీసేస్తారని మునాఫ్ చెప్పాడు. రామోన్ మీసం నెరిసింది. పెంచల్ సైగలతో, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో తమ్ముడి గురించి అడిగాడు. రామోన్ పెదవుల మీద వేలు పెట్టుకుని, ఆర్డర్, టుమారో అన్నాడు. వాడి కళ్ళలో జాలి ఉందని పెంచల్ నాతో అన్నాడు. పద్ధతి ప్రకారం పెట్టెలన్నీ లెక్కపెట్టి, గంట తర్వాత మమ్మల్ని వెనక్కి పిలిచాడు రామోన్. పన్నెండో జత చేతిలో పెట్టాడు. చీటీలో లేదు, ఎవరికీ సరిపోదు, సంతకం చెయ్యి అన్నాడు.

పెంచల్ సంతకం చేశాడు. చేసి వ్యానులో కూర్చున్నాడు, ఒడిలో ఆ చెప్పులు. ఏడవలేదు. నాకు భయం వేసింది. ఇదిగో, ఇక్కడే నా నోరు ఊరుకోలేదు.

"ఇంగెన్నాళ్ళు దాస్తావురా? చెప్పెయ్ ఆ రెడ్డెమ్మకు. రేపు పరాయోళ్ళు చెప్తే తట్టుకుంటాదా?" అన్నాను.

వాడు వద్దన్నాడు, రేపటిదాకా ఆగుదామన్నాడు. నేను వినలేదు. ఇంకేం కావాలిరా నీకు, కళ్ళ ముందు కనబడుతుంటే అని అరిచాను. వాడి జేబులోంచి ఫోను నేనే తీసి నంబరు నొక్కి ఇచ్చాను. నా చేత్తో నేనే.

రెడ్డెమ్మ ఎత్తింది. పక్కన కుళాయి పారుతున్న చప్పుడు నాకూ వినబడుతోంది. పెంచల్ అమ్మా అన్నాడు, రెండుసార్లు ఆగాడు, తిమ్మయ్య మనకు లేడమ్మా అన్నాడు. అవతల ఏడుపు లేదు, కేక లేదు. కుళాయి కట్టేసిన చప్పుడు.

"సరే బావా. మామా పిలస్తా ఉండాది," అంది. ఫోను పెట్టేసింది.

ఆ తల్లి గుండెలు బాదుకుని ఉంటే ఇంత భయపడేవాణ్ణి కాదు.

మర్నాడు ఎనిమిదింటికి ఓడకు బ్రెడ్డు వెయ్యాలి. పెంచల్‌ను రావద్దన్నాను, వినలేదు. రేవులో రెండు అంబులెన్సులు, పోలీసులు. ఓడ మెట్ల మీద నుంచి మనుషులు దిగుతున్నారు, మేం పెట్టిన కొత్త చెప్పులు వేసుకుని. పెంచల్ పైకి వినబడేలా లెక్కపెట్టాడు. పదకొండో మనిషి దిగాడు. తిమ్మయ్య లేడు. నేను వాడి భుజం పట్టుకుని, పద పోదాం అన్నాను. వాడు కదల్లేదు.

అప్పుడు నలుగురు నావికులు ఒక స్ట్రెచర్ పట్టుకుని మెట్ల మీదికి వచ్చారు. దుప్పటి గొంతు దాకా కప్పి ఉంది. పక్కన సెలైన్ సీసా పట్టుకుని డాక్టరు. ఆ ముఖం కాలి నల్లబడింది, కనుబొమ్మలు లేవు. ఆ కనుబొమ్మలు లేని ముఖం పెంచల్‌ను చూసి, అన్నా అంది.

నాకు నోట మాట రాలేదు. ఒట్టు, నా జన్మలో మొదటిసారి. పెంచల్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. పోలీసు వచ్చి లేపాడు. అంబులెన్సు తలుపు మూసేశారు. మెట్ల మీద నిలబడ్డ రామోన్ ఇదంతా చూసి, వ్యవహారం అర్థమై తల పట్టుకుని కిందికి పరిగెత్తుకొచ్చాడు. ఆర్డరు గడువు తీరింది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.

"ఎలెవన్ వాక్," అన్నాడు, రెండు వేళ్ళు నడిపిస్తూ. "వన్, నో వాక్. నో వాక్, నో స్లిపర్."

నడిచేవాళ్ళకు చెప్పులు రాశాడు. మంచం మీద ఉన్నవాడికి ఎందుకు రాస్తాడు? చీటీ తప్పు రాయలేదు. మేమే తప్పు చదివాం. పన్నెండు మంది బతికారు. ఇద్దరు దక్కలేదు. ఆ ఇద్దరి ఇళ్ళకు ఎవరు ఫోన్ చేశారో నాకు తెలియదు.

ఈసారి ఫోన్ చెయ్యమని నేను అనలేదు. పెంచలే చేశాడు. జరిగిందంతా చెప్పాడు.

"నిన్న సచ్చినాడంటివి. ఈపొద్దు బతికినాడంటివి. రేపేమంటావు బావా?" అంది రెడ్డెమ్మ.

ఊరికి ఫోన్ చేస్తే ఇంకో ఘోరం. రెడ్డెమ్మ రాత్రికి రాత్రే పుట్టింటికి చెప్పింది, వాళ్ళు ఊరికి చెప్పారు. బస్సులు ఆగే చోట తిమ్మయ్య ఫొటోతో కన్నీటి నివాళి అని ఫ్లెక్సీ కట్టేశారట. పెంచల్ ఫోనులోనే మొత్తుకుంటే పీకేశారు.

సాయంత్రం ఆస్పత్రిలో చూడనిచ్చారు. రెడ్డెమ్మను వాళ్ళ మామా, ఆ ఇంటి యజమానురాలు, స్వయంగా కారులో తీసుకొచ్చింది. పెంచల్ ఎవరో తెలుసుకుని, హరామ్ అలైక్, నీకు పాపం తగులుతుంది, ఇలాంటి మాట నిజమో కాదో తెలియకుండా చెబుతారా అని నిలదీసింది. తిట్లన్నీ నావి. వాడు తింటున్నాడు. నేను తలుపు దగ్గర దొంగలా నిలబడ్డాను.

తిమ్మయ్య మెలకువగానే ఉన్నాడు. వంటింట్లో గ్యాసు సిలిండరు పేలిందట. పొగ లేచింది దాంతోనే, ఓడ వచ్చింది ఆ పొగ చూసే. రెడ్డెమ్మ మంచం దగ్గరికి వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుంది. వాడు ఆమె మణికట్టు వైపు చూశాడు. అక్కడ గాజులు లేవు, గీసుకుపోయిన గాట్లు ఉన్నాయి.

"గాజులేమాయ?" అన్నాడు.

"గిన్నెలు తోముతా ఉంటే పగిలినాయిలే."

"నీకెప్పుడూ తొందరే," అన్నాడు తిమ్మయ్య.

ఆ మాటకు నేను చచ్చినంత పనయ్యాను. తొందర ఎవరిదో నాకు తెలుసు. పక్కన పెంచల్ ఇంకా ఆ నలభై నాలుగు సైజు చెప్పుల కవరు చంకలో పెట్టుకునే ఉన్నాడు. నిన్నటి నుంచీ వదల్లేదు. మెల్లగా ముందుకొచ్చి, నీకేరా, లేచినాక వేసుకుందువు అని మంచం మీద పెట్టబోయాడు. అప్పుడు చూశాం ఇద్దరం. దుప్పటి కింద కుడి పాదం కట్లతో ఎత్తుగా ఉంది. ఎడమ వైపు చీలమండ దగ్గర దుప్పటి చదునుగా పరుపుకు ఆనుకుంది. ప్రాణం నిలపడానికి ఓడలోనే తీసేశారని నర్సు తర్వాత చెప్పింది.

పెంచల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రెడ్డెమ్మ లేచి ఆ కవరు తీసుకుంది. కుడికాలి చెప్పు తీసి, దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచి, మంచం కింద సరిగ్గా పెట్టింది. రెండోది కవరుతో సహా బావ చేతికిచ్చింది.

"ఒగటి చాల్లే బావా," అంది.

పెంచల్ దాన్ని తీసుకున్నాడు. వాణ్ణి వెంటబెట్టుకుని మెట్లు దిగి, వ్యాను దాకా నడిచి, తలుపు తీసి కూర్చోబెట్టాను. రిగ్గై చేరేదాకా నేను నోరు తెరవలేదు.