మూడు డిస్కులు పెట్టకూడదు

ఆ రోజుల్లో నేను చాలా తెలివైనవాణ్ణి. నేనంటున్న మాట కాదిది, నా విజిటింగ్ కార్డే అనేది. టెక్సాస్‌లోని ప్లేనోలో ఓ పెద్ద కంపెనీలో స్టోరేజ్ ఆర్కిటెక్ట్‌ని. అంటే లోకంలోవాళ్ళ డేటా ఎక్కడ, ఎలా భద్రంగా దాచాలో చెప్పి జీతం పుచ్చుకునేవాణ్ణి. మరి సొంత ఇంటి డేటా? అది వంటింటి సొరుగులో, అట్లకాడ పక్కన, ఒక పాత హార్డ్‌డిస్కులో ఉండేది. (బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.) ఒకరోజు దాన్ని లాప్‌టాప్‌కి తగిలించగానే బల్లి పలికినట్టు టిక్ టిక్‌మంది.

"ఏవండీ, అందులో పిల్ల వీడియో ఉంది," అంది మా ఆవిడ. ఏ వీడియో అని అడిగే ధైర్యం ఎవరికుంది? మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. ఆవిడ డబ్బాలోంచి బియ్యం కొలుస్తుంటే, పక్కన చతికిలబడి ఇది ముద్దుముద్దుగా లెక్కపెట్టిన వీడియో అది. ఈ గొడవ నాటికి అదే పిల్ల మిడిల్ స్కూల్లో ఉంది. "అన్నం తిన్నావా అమ్మా?" అంటే "యా, ఐ యేట్" అనే దశకి చేరుకుంది. "ఇది ఒకప్పుడు తెలుగు మాట్లాడిందనడానికి అదొక్కటే సాక్ష్యం. అది పోయిందో, మీ సంగతి చెప్తాను," అంది మా ఆవిడ. నెలనెలా అద్దె కట్టి మన పిల్ల వీడియోని పరాయి కంపెనీవాడి కొంపలో పెట్టడమా, నాలాంటి నిపుణుడు ఇంట్లో ఉండగా! ఇంట్లోనే సర్వర్ పెడతానని ప్రకటించాను.

తర్వాత ఏం చేశాను? పరిశోధన. ఏ ప్రాసెసర్, ఎంత మెమరీ, పెట్టె రెడీమేడ్‌ది కొనాలా, విడిభాగాలు తెచ్చి మనమే బిగించుకోవాలా అని రాత్రింబవళ్ళు చదివాను. పెళ్ళిసంబంధం చూసినప్పుడు కూడా ఇంత వాకబు చేయలేదు. సలహాకి మా వీధిలోని ఒకాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని మేం చాటుగా 'ఆగండి గారు' అనేవాళ్ళం. "ఆగండి సార్, నెక్స్ట్ మోడల్ వస్తోంది, ఇప్పుడు కొంటే బుక్ అయిపోతారు," అన్నారు. ఆగాను. ఆ మోడల్ వచ్చింది. "ఆగండి సార్, థ్యాంక్స్‌గివింగ్ పండక్కి డీల్ పడుతుంది," అన్నారు. మళ్ళీ ఆగాను. వంటింటి సొరుగులో డిస్కు మాత్రం ఎవరి కోసం ఆగుతుంది? దాని టిక్ టిక్ రోజురోజుకీ పెరిగింది.

చివరికి మా ఆవిడ పళ్ళు నూరడం చూసి ఒక నిర్ణయానికి వచ్చాను. నాలుగు అరలున్న పెట్టె, అందులో మూడు డిస్కులు. సరిగ్గా అప్పుడే మా అత్తగారు మళ్ళీ వచ్చారు. "మూడేమిటి బాబూ? విస్తట్లో గారెలు కూడా మూడు వెయ్యం. ఇంకోటి పెట్టించండి," అన్నారు. నేను నవ్వి (ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే మొట్టుకోవాలనిపిస్తుంది), "మూడు చాలండి అత్తయ్యగారూ. వాటిలో ఒకటి పోయినా మిగతా రెండూ చూసుకుంటాయి," అని వివరించాను. "అయ్యో రామ! కొనేటప్పుడే పోవడం మాటెందుకండీ, అశుభం!" అన్నారావిడ. అల్లుడిగా నాలుగోది కొన్నాను. ఆర్కిటెక్ట్‌గా దాన్ని లోపల పెట్టలేదు. సెంటిమెంట్‌కి అర ఖర్చు పెడితే ఆఫీసులో నా పరువేం కాను? "పోనీలెండి, దేవుడి దగ్గరుంటుంది," అని ఆవిడ దానికి బొట్టుపెట్టి పూజగూట్లో ఉంచి తెనాలి వెళ్ళిపోయారు.

పాత డిస్కులో ఉన్నదంతా సర్వర్లోకి చేరిన వారానికే ఆ పాతది కన్నుమూసింది. ఒకే చోట దాచింది దాచినట్టు కాదని ఆఫీసులో కుర్రాళ్ళకి పాఠం చెప్పే నేను, ఇంట్లో ఆ ఒకే చోటుని చూసుకుని మురిసిపోయాను. ఒక శనివారం పొద్దున్న ఇడ్లీ తింటుంటే ఆ పెట్టె కూతపెట్టింది. ఎర్రలైటు. ఒక డిస్కు పోయింది. ఇంకోటి పోతే వీడియో లేదు. ఆర్డర్ చేద్దామంటే వచ్చేవారం వరకు రాదట, ఊళ్ళో షాపులో ఆ సైజే లేదట.

"నాలుగోదుందిగా?" అంది మా ఆవిడ, మహా నెమ్మదిగా.

పూజగూట్లోంచి తీసి, అక్షింతలు దులిపి, కుంకుమ తుడిచి లోపలికి తోశాను. సాయంత్రం దాకా కొత్తదాన్లోకి డేటా నిండుతున్న శాతం తెరమీద నత్తలా పాకింది. ఆ పెట్టె ఉన్న గదివైపు ఎవరినీ నడవనివ్వలేదు మా ఆవిడ. ఎట్టకేలకు పచ్చలైటు వెలగగానే వీడియో పెట్టింది. "లాభం... లెండు... మూలు..." అంటోంది పిల్ల. ఆరు దాటాక "ఆలున్నొకటి!" మా అమ్మాయి వెనక నిలబడి చూసి, "వై డిడ్ ఐ స్కిప్ వన్ అండ్ సెవెన్?" అంది. "స్కిప్ కాదే. బియ్యం కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఏడు అంటే ఏడుపు, అందుకే ఆరున్నొకటి," అని చెబుతూ కళ్ళు తుడుచుకుంది మా ఆవిడ. పిల్ల "దట్స్ సో వియర్డ్" అని ఆ వీడియో మళ్ళీ పెట్టించుకుంది.

అత్తగారికి ఫోన్ చేసి, ఓటమి ఒప్పుకుని, దణ్ణం పెట్టాను. అంతా విన్నారావిడ. "సంతోషం బాబూ. పోయినదాన్ని తీసేశారుగా. అయితే ఇప్పుడు లోపల ఎన్నున్నాయి?"

"మూడండీ."

"మళ్ళీ మూడా!"

ఆ సాయంత్రమే ఇంకోటి ఆర్డర్ చేశాను. 'ఆగండి గారు' ఆగమన్నా ఆగలేదు.

మా అమ్మాయి ఈమధ్యే ఉద్యోగంలో చేరి, ఆస్టిన్‌లో తన అపార్ట్‌మెంట్‌లో సొంత సర్వర్ పెట్టుకుంది. నన్ను సలహా కూడా అడగలేదు. ఉండబట్టలేక నేనే ఫోన్ చేసి, "ఎన్ని డిస్కులు పెట్టావే?" అన్నాను. అటువైపు ఒక్కొక్కటే తట్టి చూస్తున్న చప్పుడు. "లాభం, రెండు, మూడు, నాలుగు," అంది. యాస టెక్సాస్‌ది, లెక్క తెనాలిది. ఆ విజిటింగ్ కార్డు తెలివైనవాడు ఇప్పుడెక్కడున్నాడో, పాపం!