కాటాయన రెండో రక్తపరీక్ష

లారీలు తూచే కాటా దగ్గర పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు గనక అతన్ని అందరూ కాటాయన అనే పిలుస్తారు. బండి పలక మీదికి ఎక్కగానే తెర మీద ఎర్రంకెలు గంతులేస్తాయి. అవి కుదురుకునేదాకా ఆగి మీట నొక్కుతాడు. బరువు ఎక్కువైతే కిటికీలోంచి తల బయటపెట్టి "దించుకుని రా పో" అంటాడు. డ్రైవర్లు కాళ్లావేళ్లా పడినా వినే రకం కాదు.

అలాంటి మనిషిని ఒక కాగితం బెంబేలెత్తించింది.

చెల్లెలికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుద్ధి చేయించుకుంటోంది. ఉన్న ఒక్క తోడబుట్టినవాడు ఇతనే, తన కిడ్నీ ఒకటి ఇస్తానన్నాడు, పరీక్షల్లో జత కూడా కుదిరింది. కానీ డాక్టరమ్మ కాటాయన పొట్ట వంక చూసి, పదిహేను కిలోలు తగ్గితేనే ఆపరేషన్ అంది. తగ్గడా మరి! అన్నానికీ రొట్టెకీ చక్కెరకీ దండం పెట్టేశాడు. గుడ్లు, మాంసం, వెన్న, మీగడలతో నాలుగు నెలలు నెట్టుకొచ్చాడు. పద్నాలుగు కిలోలు దిగాయి, ఇంకొక్కటే మిగిలింది. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకు మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు.

హమ్మయ్య అనుకుంటుండగా రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, నూట తొంభై ఆరు! మిగతా వరుసలేవీ అతని కంటికి ఆనలేదు. డాక్టరమ్మ ఇది చూస్తే నువ్వు పనికిరావు పొమ్మంటుంది. అప్పుడు చెల్లెలి గతేం కాను?

"రిపోర్టు వచ్చిందా అన్నయ్యా?" అని చెల్లెలు ఫోన్లో అడిగితే, "బ్రహ్మాండంగా ఉందమ్మా" అని అబద్ధమాడేశాడు.

ఎక్కువైతే దించాలి. అతనికి తెలిసిన వైద్యం అదొక్కటే. మూడు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. కళ్లు తిరిగితే గోడ పట్టుకుని నడిచాడు. నాలుగో రోజు పొద్దున్నే ఇంకో ల్యాబుకు వెళ్లి రక్తమిచ్చాడు.

రెండువందల ముప్ఫై ఎనిమిది వచ్చింది.

కడుపు మాడ్చుకుంటే పెరగడమేమిటి? లోపల ఏదో పెద్ద రోగమే ఉంది, చెల్లెలికంటే ముందు నేనే పోతాను అనుకున్నాడు. రెండు కాగితాలూ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. అది చెల్లెలు మిషను కోసం వచ్చే రోజని కూడా గుర్తుకురాలేదు.

"మూడు రోజులు పస్తులున్నారా? ఎవరండీ మీకు చెప్పింది?" డాక్టరమ్మ గయ్యిమంది. తర్వాత మొదటి కాగితం మీద వేలు పెట్టింది. "ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు, చూడండి, డెబ్భై ఎనిమిదే. మంచి కొలెస్ట్రాల్ కూడా బాగుంది. అన్నం మానేస్తే కొందరికి ఇవి బాగుపడి, ఎల్‌డీఎల్ మాత్రం పైకి పోతుంది. వెన్నా మీగడా అంతంత తింటే ఇంకా పోతుంది. పస్తులుంటే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో తిరుగుతుంది, అప్పుడు కూడా పెరగొచ్చు."

"అంటే బండి కదులుతుండగానే తూచేశానన్నమాట."

"అనుకోండి. అలాగని ఈ అంకెను తేలిగ్గా తీసుకోకూడదు, గుండెకు మంచిది కాదు. వెన్న తగ్గించి పప్పులు, కూరగాయలు, కాస్త అన్నం తినండి. బరువు నిలకడగా ఉన్నాక, రెండు నెలలకు మళ్లీ చూద్దాం. దిగకపోతే మందులు. ఆపరేషన్ మాత్రం వాయిదా."

"నన్ను వద్దనరు కదా డాక్టరమ్మా?"

"ఇప్పుడే చెప్పలేను."

తలుపు తీస్తే ఎదురుగా చెల్లెలు నిలబడి ఉంది. చేతికి దూది పట్టీ ఇంకా అలాగే ఉంది. అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"రెండు నెలలేనమ్మా, ఇట్టే గడిచిపోతాయి" అన్నాడు గాభరాగా.

"వాయిదా అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది అన్నయ్యా."

"పిచ్చా నీకు?"

"నువ్వు చిక్కిపోతుంటే రోజూ హడలి చచ్చాను. ఆ ఆపరేషన్ బల్ల ఎక్కి నువ్వు దిగకపోతే? నీ బరువు తగ్గకూడదనే కోరుకున్నా, తెలుసా?" ఆమె అతని చొక్కా పట్టుకుని ఏడ్చేసింది. "నాకు ముందు నువ్వుండాలి. కిడ్నీ సంగతి తర్వాత."

"ఉంటాలేవే" అన్నాడు కాటాయన.