తాళంచెవి ఎవరి జేబులో

మా ప్లాంట్‌లో కంట్రాక్టు మనుషులకు తాళం ఇచ్చేవారు కాదు.

ప్లాంట్ సొంత మనిషి రిపేరుకని మిషన్‌లోకి దూరాలంటే ముందు మెయిన్ స్విచ్ ఆపి, దాని పిడికి తన తాళంకప్ప తగిలించి, చెవి జేబులో వేసుకుని అప్పుడు దూరేవాడు. అతను బయటికొచ్చి తన చేత్తో తాళం తీసేదాకా ఆ మిషన్‌ను ఎవరూ తిప్పలేరు. అదే మిషన్‌లోకి మేము దూరాలంటే, సూపర్‌వైజర్ వచ్చి తన తాళం వేసి, చెవి తన జేబులో పెట్టుకుని "ఓకే, గో" అనేవాడు. లోపల మేము. చెవి మాత్రం అతనితో పాటు కాఫీకి వెళ్ళేది, మీటింగ్‌కి వెళ్ళేది, పార్కింగ్ లాట్‌లో సిగరెట్ తాగడానికీ వెళ్ళేది.

ఇది ఎక్కడో వెనకబడిన దేశంలో సంగతి కాదు. మిషిగన్‌లో, నోవై ఊరికి పెద్ద దూరం లేని ఒక కారు విడిభాగాల ఫ్యాక్టరీలో. కార్ల కంపెనీలు కుదేలవడానికి ముందటి వేసవి మాట. మా చెల్లెలి స్పాన్సర్‌షిప్ మీద నేను యాభై దాటాక ఈ దేశం వచ్చాను. గుంటూరు వైపు మిల్లుల్లో ఫిట్టర్‌గా చేసినవాణ్ణి. బడి చదువు ఎనిమిదితో ఆగింది. మిగతాదంతా మోటార్ల మీద అచ్చేసిన ఇంగ్లీషు, మాన్యువల్స్, డిక్షనరీ, ఇక్కడికొచ్చాక పబ్లిక్ లైబ్రరీ. ఎవరి దగ్గరా ట్యూషన్ చెప్పించుకోలేదు కాబట్టి ఎవరికీ భయపడే అలవాటు కాలేదు.

ఆ ప్లాంట్‌కి ఒకప్పుడు సొంత మెయింటెనెన్స్ డిపార్ట్‌మెంట్ ఉండేదట. దాన్ని బయటి కంపెనీకి అప్పగించేశారు. ఆ బయటి కంపెనీ మా బాస్‌ది. తెలుగువాడే, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. మొదట్లో సాఫ్ట్‌వేర్ వాళ్ళను కంపెనీలకు పంపేవాడు. ఆ పని మందగించాక మాలాంటి మెకానిక్కుల్ని పంపడం మొదలెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. పండక్కి ఇంటికి పిలిచేవాడు, చలికాలం నా కారు స్టార్ట్ కాకపోతే తనే వచ్చి తన కారు బ్యాటరీకి వైర్లు తగిలించి స్టార్ట్ చేసేవాడు. నన్ను అంకుల్ అనేవాడు. ఆ పిలుపుతోనే నా నోరు మూయించవచ్చని కూడా అనుకునేవాడు.

నాతో పనిచేసేవాళ్ళలో ఒకతను కరీంనగర్ వైపువాడు, ముందు బొగ్గుగనిలో మెకానిక్. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. మా ఇద్దరికీ ఎక్కువగా పడే పని వాషర్ లోపల. అంటే ఒక పొడుగాటి ఇనుప సొరంగం. అడుగున గొలుసు కన్వేయర్, దాని మీద విడిభాగాలు పోతుంటే అటూ ఇటూ నాజిల్స్‌లోంచి మరిగే సబ్బునీళ్ళు కొడతాయి. నాజిల్స్ పూడుకుపోతే మిషన్ ఆపి, మనిషి లోపలికి పాక్కుంటూ వెళ్ళి గీకాలి.

ఆ రోజు తమ్ముడు లోపలున్నాడు, నేను గుమ్మం దగ్గర పనిముట్లు అందిస్తున్నాను. స్విచ్ మిషన్‌కి అవతలి వైపు, అక్కణ్ణించి మేము కనపడం. సూపర్‌వైజర్ షిఫ్ట్ అయిపోయింది. మేము లంచ్‌కి వెళ్ళామనుకున్నాడు. అనుకున్నాడు, చూడలేదు. తన తాళం తాను తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి షిఫ్ట్‌వాడు వచ్చి, తాళం లేదు కదా అని మెయిన్ వేసి స్టార్ట్ నొక్కాడు. హారన్ మోగింది. నేను ఎమర్జెన్సీ తాడు లాగేలోపే గొలుసు కదిలి తమ్ముడి బూటు పట్టుకుంది. అతను కాలు ఎలా లాక్కున్నాడో అతనికే తెలియదు. కాలు వచ్చింది, బూటు పోయింది. దాన్ని తర్వాత గొలుసులోంచి కత్తిరించి తీస్తే ముక్కలుగా వచ్చింది.

తమ్ముడు నేల మీద కూర్చుని సాక్సు వంకే చూస్తూ, "అన్నా, ఇంట్లో చెప్పకు," అన్నాడు. మొదటి మాట అదే.

ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ప్లాంట్ వాళ్ళు రిపోర్టులో రాశారు: కంట్రాక్టు మనిషి తాను లోపలున్న సంగతి సూపర్‌వైజర్‌కి మళ్ళీ గుర్తుచేయలేదు, అందువల్ల జరిగింది. శిక్షగా తమ్ముణ్ణే కూర్చోబెట్టి సేఫ్టీ వీడియో చూపించారు. ఆ వీడియోలో నవ్వుతూ ఒకాయన చెబుతాడు, ఎవరి తాళం వారే వేసుకోండి అని. తామే తాళం ఇవ్వని మనిషిని కూర్చోబెట్టి ఆ వీడియో చూపించారు.

నేను లైబ్రరీకి వెళ్ళి గవర్నమెంట్ రూల్ చదివాను. లోపలికి వెళ్ళే ప్రతివాడికీ సొంత తాళం ఉండాలి, కంట్రాక్టు వాడైనా సరే అని నాకు అర్థమైంది. నా ఇంగ్లీషులోనే ప్లాంట్ సేఫ్టీ ఆఫీస్‌కి ఉత్తరం రాశాను. అందులో ఒక్కటే ప్రశ్న: నేను మిషన్‌లో ఉన్నప్పుడు చెవి ఎవరి జేబులో ఉండాలి? జవాబు లేదు. ఆఫీస్‌కి వెళ్ళి అడిగితే అక్కడి కుర్రది మర్యాదగానే చెప్పింది, మీరు మా ఉద్యోగి కాదు, మీ కంపెనీని అడగండి అని. మా బాస్‌ని అడిగితే, "అంకుల్, తాళాలు ప్లాంట్‌వి, రూల్ ప్లాంట్‌ది. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు. మళ్ళీ రాశాను. మళ్ళీ అడిగాను. నా ప్రాణం ఆ రెండు కంపెనీల గోడల మధ్య సందులో పడి ఉంది, అటువాళ్ళు ఇటు చూపిస్తారు, ఇటువాళ్ళు అటు.

సొంతంగా హార్డ్‌వేర్ షాపులో తాళం కొని స్విచ్‌కి వేశాను. సూపర్‌వైజర్ కటర్ తెచ్చి కోసేశాడు. ప్లాంట్ తాళం కాదట.

అప్పుడు మా బాస్ మనవాళ్ళు మాత్రమే చేసే పని ఒకటి చేశాడు. ఆఫీస్‌లో మాట్లాడితే కాదని ఆదివారం తన ఇంటి బేస్‌మెంట్‌లో పాట్‌లక్, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందు, పెట్టాడు. మెయింటెనెన్స్‌లో పనిచేసే తెలుగువాళ్ళందరినీ భార్యాపిల్లలతో పిలిచాడు. నలుగురి ముందు పెద్దాయనను బతిమాలితే పెద్దాయన తగ్గుతాడని లెక్క. పులిహోర, గుత్తివంకాయ, ఎవరో తెచ్చిన చికెన్ ఫ్రై, అన్నీ అల్యూమినియం ట్రేల్లో. నేను ప్లేటులో పెరుగన్నం కలుపుకుంటుండగా బాస్ మాట ఎత్తాడు.

"అంకుల్, మీరు పెద్దవారు. కాంట్రాక్ట్ రెన్యూవల్ టైమ్ ఇది. వచ్చే వారం ప్లాంట్ షట్‌డౌన్, పనంతా మనదే. ఈ తాళం గొడవ కొన్నాళ్ళు ఆపండి. ఇక్కడున్న ఫ్యామిలీలన్నీ దీని మీదే కదా ఆధారపడ్డాయి."

ఒకాయన వెంటనే అందుకున్నాడు. "అవునండీ, ఇన్నాళ్ళూ ఎవరికీ ఏం జరగలేదు కదా? మీకు పట్టుదల కాస్త ఎక్కువ."

"పట్టుదల కాదు నాయనా, రెండు కాళ్ళున్నాయి నాకు. అవి ఎక్కువ," అన్నాను.

నవ్వారు. ఆ నవ్వులోనే తమ్ముడి భార్య ప్లేటు పట్టుకుని మా వైపు వచ్చింది. ఇండియన్ గ్రోసరీలో పనిచేసేది, తూకం దగ్గర ఎవరినీ వదలదని పేరు.

"ఏం తాళం పెద్దన్నా? ఏం జరగలేదంటున్నరు?"

తమ్ముడు కళ్ళతోనే నన్ను వద్దన్నాడు. బాస్ "ఏంలేదమ్మా, ఆఫీస్ విషయం," అన్నాడు. నేను ఆఫీస్ విషయాన్ని ఇంటికి తెచ్చిందెవరని అతన్ని అడగలేదు. ఆమెకు మిషన్ సంగతి, తాళం సంగతి, చెవి ఎవరి జేబులో ఉంటుందో, హారన్ ఎప్పుడు మోగిందో వరసగా చెప్పాను.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "బూటు అడుగు ఊడిపోయిందంటివి. కొత్తది కొందామంటే నేను సేల్ చూసి తెస్తి."



"సార్, మీరు చెప్పుండ్రి," అని బాస్‌ని అడిగింది. "మా ఆయన లోపల, చెవి వేరేటోని జేబుల. గంతేనా?"

"అక్కడ సిస్టమ్ అలా ఉందమ్మా."

"మీ కారు చెవి మీరు ఎవరికన్న ఇచ్చి కారు కింద పండుకుంటరా?"

ఇటువైపు ఆడవాళ్ళు గిన్నెలు వదిలేశారు. ఒక్కొక్కరే తమ భర్తల్ని అడగడం మొదలెట్టారు, నువ్వు కూడా అలాగే దూరతావా అని. ఆ గదిలో అందరూ అలాగే దూరేవాళ్ళు. చివరికి బాస్ భార్య, అప్పటిదాకా అందరికీ వడ్డిస్తున్న మనిషి, గరిట ట్రేలో పెట్టేసి మొగుడితో అంది, "ఇది నాకెందుకు చెప్పలేదు? వీళ్ళ పిల్లల బర్త్‌డేలకి నేను ఏ మొహంతో వెళ్ళాలి?"

స్వీట్ తినకుండానే పాట్‌లక్ ముగిసింది. నన్ను వంచడానికి పిలిచిన నలుగురే నాకు బలమయ్యారు.

సోమవారం షట్‌డౌన్ మొదలైంది. ఆ వారంలో వాషర్లన్నీ కడిగి బాగుచేస్తేనే తర్వాత లైన్ నడుస్తుంది. మేమందరం టైమ్‌కి వెళ్ళాం, హెల్మెట్లు పెట్టుకున్నాం, మెయిన్ స్విచ్ ముందు నిలబడ్డాం. తాళాలివ్వండి, వెళ్తాం అన్నాం. సమ్మె అన్న మాట ఎవరూ వాడలేదు. మాతో పనిచేసే మెక్సికన్ వాళ్ళు ఇద్దరు కూడా సంగతి కనుక్కుని వచ్చి మా పక్కన నిలబడ్డారు.

సూపర్‌వైజర్ మా బాస్‌కి ఫోన్ చేశాడు. బాస్ వచ్చాడు. చేతిలో హార్డ్‌వేర్ షాపు సంచి. అందులో మనిషికొకటి చొప్పున కొత్త ఎర్ర తాళంకప్పలు. మా ఎవరి మొహమూ చూడకుండా సూపర్‌వైజర్‌తో అన్నాడు, "నా వాళ్ళు ఇవి వేసుకునే వెళ్తారు. వీటిని కోస్తే నా వాళ్ళను తీసుకుని నేను వెళ్ళిపోతాను." కాంట్రాక్ట్ పోతే అతని ఇల్లే పోతుందని మా అందరికీ తెలుసు. ఆ క్షణాన నేనతన్ని క్షమించేశాను, పూర్తిగా కాకపోయినా చాలావరకు.

సూపర్‌వైజర్ కటర్ కోసం వెళ్ళలేదు. సేఫ్టీ మేనేజర్ కోసం వెళ్ళాడు. ఆవిడ కిందికొచ్చి, ఎవరు ఎక్కడ దూరతారో, చెవి ఎవరి దగ్గరుంటుందో మమ్మల్నే అడిగింది. ఎక్కువ వినలేదు, ఎక్కువ చెప్పలేదు. "వేసుకోండి," అంది. ఒకే స్విచ్ పిడికి మా తాళాలన్నీ గుత్తిగా వేలాడాయి. తమ్ముడు తనది వేసి, చెవి చొక్కా జేబులో వేసి, జేబు మీద రెండుసార్లు కొట్టుకుని నవ్వాడు. "అన్నా, ఇగ నన్ను ఎవడు తిప్పుతడో తిప్పమను," అని పాక్కుంటూ లోపలికి వెళ్ళాడు. గని దిగినవాడి నవ్వు అది, నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు నా పేరున ప్లాంట్ లెటర్‌హెడ్ మీద జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఉన్నట్టే తెలుగులో పెడుతున్నాను:

"అయ్యా, మీ ఉత్తరాలు అందాయి. మిషన్‌లోకి వెళ్ళే ప్రతి మనిషికీ, జీతం ఏ కంపెనీ ఇచ్చినా, సొంత తాళం ఉంటుంది. చెవి ఆ మనిషి జేబులోనే ఉంటుంది. సూపర్‌వైజర్లతో సహా ఇంకెవరూ దాన్ని తీయకూడదు. వాషర్ ప్రమాదం రిపోర్టులో మీ సహోద్యోగిది తప్పని రాసిన వాక్యాన్ని తొలగించాం. జవాబు ఆలస్యమైనందుకు మన్నించండి. ఆ జవాబు మీ కంపెనీ వాళ్ళే ఇచ్చి ఉంటారనుకున్నాం."