ఇంకా ఆలోచిస్తున్న ఆర్విడ్ గారు

ఆర్విడ్ టోర్‌గెర్సన్ గారు మా కాలేజీలో చేరాలా వద్దా అని ఇరవై ఏళ్ళ పైనుంచీ ఆలోచిస్తున్నారు. ఆలోచించడం మొదలుపెట్టేనాటికే ఆయనకి అరవై దగ్గరపడ్డాయి. ఇప్పుడు ఎనభై. ఇందులో తొందరేమీ లేదంటారు.

మాది బీవర్ ఫోర్క్. మిన్నెసోటా పడమటి కొసన మొక్కజొన్న చేలు, బీట్ దుంపల చేలు, వాటి మీద ఊపిరి తీసుకోకుండా వీచే గాలి. వాటి మధ్య, దారి తప్పి వచ్చి మొహమాటానికి ఉండిపోయిన చుట్టంలా ఒక చిన్న ప్రభుత్వ కాలేజీ. చేరదామనుకునే పిల్లల్నీ వాళ్ళ అమ్మానాన్నల్నీ ప్రతి శనివారం పొద్దున కాలేజీ అంతా తిప్పి చూపిస్తాం. ఆ తిప్పే ఉద్యోగం నాది. నేను పాంప్లెట్లు సర్దుకునేలోపే ఆర్విడ్ గారు వచ్చేసేవారు. ఉతికిన చొక్కా, నీళ్ళు పెట్టి దువ్విన నాలుగు వెంట్రుకలు, చేతిలో అప్పటికే ఒక డోనట్. బల్ల మీది పేరు చీటీ తీసుకుని, దాని మీద పెద్ద అక్షరాలతో "ఆర్విడ్" అని రాసి, గుండె మీద అంటించుకునేవారు.

"ఆర్విడ్ గారూ, ఏమన్నా తేల్చుకున్నారా?" అనేదాన్ని.

"ఇంకా ఆలోచిస్తున్నానమ్మాయ్. చదువు విషయం. ఇవాళ సరిగ్గా చూపించావంటే వచ్చే ఏడు చేరినా చేరతాను."

ఊరికే వెంట నడిచి డోనట్లు తిని వెళ్ళిపోతే ఆయన గురించి రాయడానికేమీ ఉండేది కాదు. ఆయన ప్రశ్నలు అడిగేవారు. ఎలాంటి ప్రశ్నలని? ఐదేళ్ళ పిల్లాడు కూడా సిగ్గుపడి మింగేసే ప్రశ్నలు.

"మార్నీ, ఇది లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటున్నావు. నాకు బొమ్మలెయ్యడం రాదు. చేర్చుకోరా?"

"ఆర్ట్స్ అంటే బొమ్మలు కాదండీ. సైన్సు, చరిత్ర, లెక్కలు, కథలు, సంగీతం అన్నీ కొంచెం కొంచెం రుచి చూసి, నచ్చినదాన్ని కడుపునిండా చదువుకోవడం."

"అంటే చర్చిలో అందరూ తలో గిన్నె తెచ్చి పెట్టే భోజనం లాంటిదా?"

"అచ్చం అలాంటిదే."

"అలా చెప్పాలి! ఆ పాంప్లెట్లో నాలుగు పేజీలు రాశారు, ఒక్క ముక్క ఎక్కలేదు."

నాకు ఒళ్ళు మండేది. నాలుగు పేజీలూ రాసింది నేనే మరి.

హాస్టల్లో మంచం మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి చూసేవారు. "పక్క మంచం వాడు గురకపెడితే తన్నొచ్చా?" అని అడిగేవారు. "ఉన్నది ఒక్కటే కోటు అనుకో, దాన్నే రోజూ వేసుకొస్తే ఎవరన్నా ఏమన్నా అనుకుంటారా?" అనేవారు. "ఆవులు ఈనే రోజుల్లో రెండు రోజులు ఇంటికెళ్ళి రావచ్చా?" అనేవారు. ఆయనకి ఆవుల్లేవు. జన్మలో లేవు. బీట్ దుంపలు పండించి, ఒళ్ళు సహకరించక పొలం కౌలుకిచ్చేసి, ఎనభై నాలుగేళ్ళ అక్క హిల్మాతో ఊళ్ళో ఉంటున్నారు. మరి ఎవరావులు ఈనుతాయో దేవుడికెరుక.

ఒకసారి లైబ్రరీలో అందరూ గుసగుసగా నడుస్తుంటే ఆయన నిలబడిపోయారు.

"ఇక్కడ పిల్లలు ఏడుస్తారా?"

నేను ఖంగుతిన్నాను. "అంటే... అప్పుడప్పుడూ..."

"ఎక్కడ?"

"మూడో అంతస్తులో, మూల కిటికీ దగ్గర."

"కుర్చీ మెత్తగా ఉంటుందా?"

అప్పుడు మూడో అంతస్తుకి అందర్నీ తీసుకెళ్ళి ఆ కుర్చీ చూపించాల్సి వచ్చింది. ఆయన కూర్చుని చూసి, "బావుంది, ఏడవచ్చు" అని తీర్పు చెప్పారు. అందరూ నవ్వారు. వెనక ఒక బక్క కుర్రాడు మాత్రం నవ్వలేదు. ఆ కుర్చీ వంకే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

ఇలా ఉండగా మాకు కొత్త డైరెక్టర్ వచ్చారు. లెనోర్ విట్‌కాంబ్. చికాగో మనిషి. చలికాలంలో కూడా ఎత్తు మడమ చెప్పులే వేసుకునేవారు. అంత మంచులోనూ ఆవిడ ఒక్కసారి జారిపడలేదంటే ఆవిడ పట్టుదల ఎంతటిదో మీరే చూసుకోండి. ఆవిడ వచ్చేనాటికి మా పరిస్థితి బాగాలేదు. ఏటేటా పిల్లలు తగ్గిపోతున్నారు. ఇంత చిన్న కాలేజీ ఎందుకు, దూరంగా ఉన్న పెద్దదాంట్లో కలిపేస్తే పోలా అని రాజధానిలో మాటలు మొదలయ్యాయి. ఆవిడ రాత్రింబవళ్ళు ఒకటే పని. గోడలకి రంగులు వేయించారు, పాంప్లెట్లు మార్పించారు, డోనట్లు చిన్నవి చేయించారు.

"మరీ బొత్తాలంత చేశారేమిటండీ?" అన్నారు ఆర్విడ్ గారు. ఆవిడతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

రెండో మాట ఇంకా ఘోరం. ఏప్రిల్లో ఒక శనివారం, ఎన్నడూ లేనిది నలభై మంది దాకా వచ్చారు. లెనోర్ మేడమ్ స్వయంగా స్వాగతం చెప్పారు. "మీ భవిష్యత్తుకి ఇదే పునాది" అని ముగించి, చిరునవ్వుతో "ప్రశ్నలేమన్నా ఉన్నాయా?" అన్నారు.

చెయ్యి లేచింది. "ఈ కాలేజీ మూసేస్తారటగా?"

గదిలో గాలి కూడా ఆగింది. మా ఊళ్ళో అది మామూలు విషయం కాదు.

మేడమ్ మొహం తెల్లబోయింది. అయినా తమాయించుకున్నారు. "మూసెయ్యం. ఒకవేళ కలిపేసినా, ఇవాళ చేరినవాళ్ళ చదువు ఇక్కడే పూర్తవుతుంది. ఆ మేరకు మాట ఇప్పించుకున్నాను" అన్నారు. ఆ తర్వాత ఆర్విడ్ గారిని తన గదికి పిలిపించారు. నన్నూ ఉండమన్నారు.

"మిస్టర్ టోర్‌గెర్సన్, మీరు నిజంగా ఈ కాలేజీలో చేరతారా?"

"ఆలోచిస్తున్నానండి."

"ఎప్పటికి తేలుస్తారు?"

"మీరు తొందరపెడితే ఎలా చెప్పండి? కుర్రతనం మీద నిర్ణయాలు తీసుకుని ఎంతమంది చెడిపోలేదు!"

"దయచేసి ఇకమీదట ఇంట్లో కూర్చుని ఆలోచించండి."

ఆయన నావంక చూశారు, మేడమ్ వంక చూశారు. "సరేనండి, అలాగే" అని లేచారు. పేరు చీటీ జాగ్రత్తగా ఊడదీసి, బల్ల అంచుకి అంటించి వెళ్ళిపోయారు.

తర్వాతి శనివారం పని వెన్న మీద కత్తిలా సాగింది. ఎవరూ మంచాల మీద ఎగరలేదు, ఎవరూ ఏడుపు ఊసెత్తలేదు. చివర్లో మేడమ్ "ప్రశ్నలేమన్నా ఉన్నాయా?" అన్నారు. అందరూ బూట్ల వంక చూసుకున్నారు. "లేవా? చాలా సంతోషం!" అన్నారావిడ. అందరూ మర్యాదగా తలలూపి కార్లెక్కి వెళ్ళిపోయారు. మా ప్రాంతంలో మనిషి తలూపితే అవునని కాదు, వెళ్ళొస్తానని. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

ఒక పాత పికప్ ట్రక్కు మాత్రం కదల్లేదు. ఇంజను ఆన్ చేసి ఉంది, లోపల తండ్రీ కూతురూ కూర్చుని ఉన్నారు. ఎంతసేపటికీ వెళ్ళకపోతే బండి మొరాయించిందేమోనని నేనూ మేడమూ వెళ్ళి అద్దం మీద తట్టాం. పిల్ల అద్దం దించింది. పేరు ఏడీ. పక్కన స్టీరింగు పట్టుకుని కూర్చున్నది వాళ్ళ నాన్న డ్యువేన్ కుస్టర్. నలభై మైళ్ళ అవతల పాడి పెట్టుకున్న మనిషి.

"ముసలాయన రారా ఇవాళ?" అంది ఏడీ.

"ఏ ముసలాయన?"

"ప్రశ్నలు అడిగే ఆయన. మావి పదిరోజుల కిందటే ఆయనకిచ్చి ఉంచాం."

"ఇచ్చి ఉంచడమేమిటి?" అన్నారు మేడమ్.

"మా అన్నయ్య స్నేహితుడు చెప్పాడండి. ముందుగా డాటీ కెఫేకి వెళ్ళి ఆయనకి చెప్తే చాలు, శనివారం మనం నోరు విప్పక్కర్లేదు, అన్నీ ఆయనే అడుగుతారు అని. వాడు కూడా అలాగే ఇచ్చాడట. ఏడుపొస్తే ఎక్కడికెళ్ళాలని."

నాకు ఆ బక్క కుర్రాడు గుర్తొచ్చాడు. వాడిప్పుడు మా కాలేజీలో రెండో ఏడు చదువుతున్నాడు.

మేడమ్ మడమ చెప్పులతోనే వెనక సీటు ఎక్కారు. "కెఫేకి పోనివ్వండి" అన్నారు.

డాటీ కెఫేలో ఆర్విడ్ గారు మూల బల్ల దగ్గర ఉన్నారు. ఎదురుగా ఒకావిడ ముందుకి వంగి చెవిలో ఏదో చెప్తోంది. ఆయన కళ్ళు మూసుకుని, బడిపిల్లాడిలా పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంటున్నారు. "...నేను పోయిన శనివారం నుంచీ ఇంట్లో కూర్చునే ఆలోచిస్తున్నానమ్మా, కాలేజీకి రావద్దన్నారు" అని ఆవిడకి చెప్తూ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మేము.

"మేడమ్! ఇది కెఫే అండీ. ఇక్కడ కూడా ఆలోచించకూడదా?"

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇదంతా ఎప్పటినుంచి?"

ఆయన చెవి గోక్కున్నారు. "మొదటిసారి నేను మీ కాలేజీకి వచ్చింది బాత్‌రూం కోసమండీ. లోపల మీవాళ్ళు జనాన్ని తిప్పుతున్నారు. వాళ్ళలో కలిసి బాత్‌రూం ఎక్కడని గట్టిగా అడిగాను. చూపించారు. వెనక్కి తిరిగి చూద్దును కదా, నా వెనక బారుగా జనం! గంటనుంచీ బిగబట్టుకుని నడుస్తున్నారు పాపం, ఒక్కడికీ నోరు పెగల్లేదు. నా జన్మలో నేను బాగా చెయ్యగలిగిన పని ఏమిటో ఆవేళ తెలిసింది. నాకు సిగ్గు తక్కువండీ. మా అక్క చిన్నప్పటినుంచీ అంటూనే ఉంది."

"ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను నేను.

"చెప్తే ఇచ్చినవాళ్ళకి సిగ్గు కదా? మీ అమ్మ కూడా ఈ కుర్చీలోనే కూర్చుంది మార్నీ."

నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పదిహేడేళ్ళప్పుడు నాకు మాట తడబడేది. పేరు చెప్పాలన్నా 'మ' దగ్గర ఇరుక్కుపోయేదాన్ని. అమ్మతో కాలేజీ చూడడానికి వచ్చినప్పుడు ఎవరో పెద్దాయన, నదిలా గలగలా మాట్లాడే మనిషి, "నాకు నత్తి ఉంది, క్లాసులో నవ్వుతారా?" అని అడిగాడు. "నవ్వితే మా ప్రొఫెసర్ ఆ నవ్వినవాడి చేతే మర్నాడు పాఠం చెప్పిస్తాడు, ఇంకెవరూ నవ్వరు" అంది తిప్పుతున్న అమ్మాయి. ఆ జవాబు విని చేరాను. ఇవాళ వారం వారం జనం ముందు గంటసేపు మాట్లాడి జీతం తీసుకుంటున్నాను. అమ్మ పోయేదాకా ఈ సంగతి నాతో అనలేదు. ఆర్విడ్ గారి చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతిలో డోనట్ ఉంది, అదీ నలిగింది.

"సర్లే సర్లే. వీళ్ళ పని చూడనీ" అని ఆయన డ్యువేన్ వైపు తిరిగారు. "మీది అడగమంటావా?"

డ్యువేన్ మొహం బీట్ దుంపలా ఎర్రబడింది. "వద్దులెండి. అంత ముఖ్యమైంది కాదు."

"నలభై మైళ్ళు నడుపుకుని వచ్చి చెప్పావు, ముఖ్యం కాకపోవడమేమిటి?" అని ఆర్విడ్ గారు గొంతు సవరించుకుని, మేడమ్ వంక చూశారు. "మేడమ్, నేను మీ కాలేజీలో చేరాననుకోండి. బోలెడు చదువుకున్నాను. అప్పుడు మా ఇంట్లోవాళ్ళని చూస్తే నాకు సిగ్గేస్తుందా? అదే, మా అక్క హిల్మాని చూస్తే?"

ఎవరూ నవ్వలేదు. ఏడీ వాళ్ళ నాన్న వంక తిరిగి చూసింది. ఆయన కిటికీలోంచి బయట తన ట్రక్కును పరీక్షగా చూసుకుంటున్నాడు.

మేడమ్ వేయించిన కొత్త పాంప్లెట్లో ఆ పేజీ లేదు. నేను చెప్పాను:

"సిగ్గేస్తుంది ఆర్విడ్ గారూ. నాకూ వేసింది. మా అమ్మ కోళ్ళ ఫారం బూట్లతో హాస్టల్‌కి వస్తే తలుపు చాటున నిలబడ్డాను. ఒక ఏడాది అలా ఉంటుంది. తర్వాత ఆ సిగ్గుని చూసి సిగ్గేస్తుంది. ఆ పైన ఇంటికెళ్ళి, ఎవరూ అడక్కపోయినా కోళ్ళకి మేత వేస్తాం."

"ఏడాదేనా?" అన్నాడు డ్యువేన్ కిటికీతోనే.

"నా విషయంలో అంతే."

"అయితే ఆ ఏడాది నేను రాకుండా ఉంటాలే."

"నాన్నా! నోర్మూసుకో" అంది ఏడీ. ఆ తర్వాత తనే నోరు మూసుకుని ఏడ్చింది. ఆర్విడ్ గారు డాటీని పిలిచి అందరికీ పుల్లటి రూబార్బ్ కాడలతో చేసే తీపి 'పై' ముక్కలు తెమ్మన్నారు. మేడమ్ రెండు ముక్కలు తిన్నారు. రెండో ముక్క అయ్యాక, "శనివారం పదింటికి మొదలుపెడతాం, మిస్టర్ టోర్‌గెర్సన్. మీరు వస్తే బావుంటుంది" అన్నారు.

"ఆలోచిస్తానండి" అన్నారాయన. వచ్చారనుకోండి. ఆ శనివారం డోనట్లు కూడా పాత సైజుకి వచ్చేశాయి.

ఆగస్టు చివర్లో పిల్లలు హాస్టల్లో దిగే రోజు. డ్యువేన్ ట్రక్కు నిండా సామానేసుకుని వచ్చాడు. పొద్దున పాలు పితికి నేరుగా వచ్చినట్టున్నాడు, ఆయన కన్నా ముందు ఆ వాసన హాస్టల్లోకి అడుగుపెట్టింది. సామాను మెట్ల దగ్గర దించేసి, "నేను బండి దగ్గరుంటా" అని జారుకోబోయాడు.

ఏడీ ఆయన మోచెయ్యి పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. గది గదికీ తిప్పింది. "మా నాన్న. మా నాన్న. ఈయన మా నాన్న. నూట ఇరవై ఆవులున్నాయి, అన్నింటినీ పేర్లతో పిలుస్తాడు." పక్క గదిలో నగరం నుంచి వచ్చిన అమ్మాయొకతె "నిజంగా? అన్నింటికీ పేర్లున్నాయా?" అంది. అంతే, ఆ మనిషి గోడకి ఆనుకుని మొదలుపెట్టాడు. ముప్ఫయ్యో ఆవు దగ్గరికి వచ్చేసరికి వరండా అంతా పిల్లలు.

మెట్ల మీద నా పక్కన నిలబడి చూస్తున్న ఆర్విడ్ గారు మోచేత్తో పొడిచారు.

"ఏడాది సిగ్గుపడుతుందన్నావు కదే?"

"నా లెక్క తప్పింది ఆర్విడ్ గారూ."

"తప్పితే తప్పిందిలే" అన్నారాయన సంతోషంగా. "పద, ఆ ఆవు పేరేమిటో సరిగ్గా వినబడలేదు. ఎవరూ అడిగేట్టు లేరు, నేనే వెళ్ళి అడుగుతాను."