రాజవ్వ అత్త తెంపిన పోగు

ఈ పొద్దున దీపానికి ఒత్తులు చేద్దామంటే ఇంట్లో పత్తి లేదు. పెట్టె అడుగున మిగిలిన పాత నూలు కండె తీసి విప్పుతుంటే ముక్కుకు గంజి వాసన తగిలింది. ఆ వాసనతో రాజవ్వ అత్త వచ్చి పక్కన కూర్చున్నట్టయింది.

కరీంనగర్ దగ్గర మా నేతవాడలో ఆమెది మా పక్కిల్లు. నేను బడి ఎరగను. బాపు ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, అత్త చేతిపని నేర్పింది. ఆమెది వైపని. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. దాని మీద పాత నూలు అయిపోవస్తుంటే, ఆ కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకాలి, అదే వైపని. నేను ఒక్కటి వదిలేసినా ఊరుకునేది కాదు. "కండ్లు ఏడ వెట్టినవే, మీ అత్తగారింట్లనా?" అనేది. నాకు అప్పటికింకా పెళ్లే కాలేదు. "తెగిన పోగు చూసి ఊకుంటే అది నేతోళ్ల చెయ్యి కాదే పోరీ."

మా వాడ షెడ్డులోని పన్నెండు సాంచాలనూ యజమాని పాత ఇనుముకు అమ్మేశాడు. పత్తి గోదాముకు ఇచ్చేలోపు షెడ్డు వారం రోజులు ఖాళీ. అత్త తాళంచెవి అడిగి తీసుకుంది. పారేసిన కండెలు, మగ్గంలో అటూ ఇటూ పోగును మోసే నాడెల్లో అంచులు విరిగినవి, మిగులు నూలు ఏరుకొచ్చింది. సాంచా నిలిచిన ప్రతి చోటా పైకప్పు నుంచి పేనిన పోగు వేలాడదీసి, బరువుకు నాడె కట్టి, చుట్టూ కండెలు పేర్చింది. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

"ఏందత్తా గిది?"

"సాంచాలు వోయినయ్. మనుషులన్న యాదికుండద్దా? రేపు వాడోళ్లను పిలిచిన. ఎల్లుండి పత్తి బస్తాలొస్తయ్."

ఆ మధ్యాహ్నం ఆమె అన్నానికి వెళ్లినప్పుడు నేను ఊడ్చిపెడదామని లోపలికి వెళ్లాను. ఐదు పోగులు నడుమ తెగి ఉన్నాయి. ఎలుకలు కొరికాయనుకున్నాను. నా చేతులు నన్ను అడగలేదు, ఐదింటినీ అతికేశాయి. అత్తకు అక్కరకొచ్చానని దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను.

అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎవలు అతికిండ్రు?"

"నేనే అత్తా. తెగినయ్ గదా."

"తెగలేదే. నేనే తెంపిన. గీ సాంచాలు నడిపినోళ్లు బతుకుదెరువుకు భీవండి వోయిండ్రు, సూరత్ వోయిండ్రు. గవి వాళ్ల జాగలు."

"తెంపుతనత్తా" అంటూ కత్తెర వెతికాను.

"ఆగు. నేర్పినదాన్ని నేనే గదా, నిన్నేమందును!" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఒక్కో ముడినీ తడుముతూ నడిచి, మూలన ఉన్న ఐదోదాని దగ్గర నిలబడింది. అది అత్త భర్త, మా మామ సాంచా ఉన్న చోటు. ఛాతీ జబ్బుతో ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. "గిది గూడ అతికినవా బిడ్డా" అంది మెల్లగా. వంగి, ముడి పక్కన పంటితో కొరికింది. నాడె నేల మీద పడింది.

"తక్కిన నాలుగు ఉండనియ్యి. వాళ్లు తిరిగొస్తరేమో. మీ మామ రాడు."

మర్నాడు వాడంతా వచ్చింది. భర్త భీవండిలో ఉన్న ఒకామె అతని పోగుకున్న ముడిని మెల్లగా లాగి చూసి, "గట్టిగనే ఉన్నది" అంది. మూలన ఉన్న పోగును ఎవరూ ముట్టలేదు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. మొన్న మా చెల్లె, తన భర్త చనిపోయిన నెలకు, మా ఇంటికి వచ్చింది. ధైర్యం చెప్పే మాటలన్నీ నాలుక మీదికి వచ్చాయి. చెప్పలేదు. అన్నం పెట్టాను. అది ఏడ్చినంతసేపూ చేతులు ఒడిలో పెట్టుకుని, పక్కన కూర్చున్నాను.