అమ్మ మార్చిన కథ

నిన్న బీదర్‌లో ఒక పుస్తకాల దుకాణంలో, పిల్లల కోసం తిరగరాసిన ఉత్తర ఐరోపా నార్స్ పురాణ కథలు కనబడ్డాయి. అందులో ఒక కథను నిలబడే చివరిదాకా చదివాను.

నాకింకా చదవడం రాని రోజుల్లో, నౌబాద్‌లోని మా ఇంట్లో మంచం పట్టిన అమ్మ కన్నడ పుస్తకం చూస్తూ ఆ కథను మన మాటల్లో చెప్పింది. దేవతల ముద్దుబిడ్డ చచ్చిపోతాడు. లోకంలో ప్రతిదీ అతని కోసం ఏడిస్తే తిరిగి పంపుతానంటుంది మృతుల రాణి.

"అందరు ఏడ్సిన్రా అమ్మా?"

"ఏడ్సిన్రు బిడ్డా. రాళ్లు సుత ఏడ్సినయి. పిలగాడు ఇంటికొచ్చిండు."

అమ్మ పోయిన రోజు ఇల్లంతా ఏడుపులే. నాయన ఒక్కడే గోడకానుకుని పొడికళ్లతో కూర్చున్నాడు. వెళ్లి ఆయన గడ్డం పట్టుకున్నాను.

"నువ్వు సుత ఏడువు నాయనా. నువ్వేడిస్తే అమ్మ వస్తది."

నాయన నన్ను గుండెకు అదుముకుని భోరుమన్నాడు. నాకు సంతోషమేసింది. ఇక అందరూ ఏడ్చినట్టే కదా అని, వాకిట్లోకి వెళ్లి అమ్మ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

పుస్తకంలో ఒక ముసలమ్మ ఏడవనంటుంది. ఆ బిడ్డ తిరిగి రాడు. అమ్మ అది చదివే ఉంటుంది. తాను పోతున్నానని కూడా ఆమెకు తెలుసు. నన్ను పక్కన పెట్టుకుని ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.