మే నెలలో తీసిన చిత్రం

మా బాపు కర్మలకు చేయించుకున్న గుండుతోనే మేళ్లచెరువు బస్సెక్కాను. రెండు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి ఇచ్చే ఉపగ్రహ చిత్రాల పీజీ చదువుతున్నాను. చదువులో భాగంగా జిల్లా అధికారుల కోసం ఉపగ్రహ చిత్రం చూసి గీసిన పటం నా ఒళ్లో ఉంటే, పక్కనున్న గొర్లకాపరి తొంగి చూశాడు. అతని ఊరు అడిగి, పటంలో ఆ ఊరి గుట్ట చూపించి, "ఇదంతా బంజరు" అన్నాను.

"ఎప్పుడు తీసిన్రు?"

"మే నెలలో."

"గిప్పుడు చూస్తే నీ నెత్తి గూడ బంజరే. వానలు పడ్డంక రా, మోకాలెత్తు గడ్డుంటది. నువ్వు బంజరని రాస్తే ఫ్యాక్టరీకిస్తరు. మా గొర్లు నీ కాయితం మేస్తయా?"

నేను పటం చుట్టేశాను. అతను సీట్లోంచి లేచి, దిగేదాకా నిలబడే ఉన్నాడు.

వానల తర్వాతి చిత్రం కోసం ఆగితే చదువు ఆర్నెల్లు వెనకపడేది. పటం అలాగే ఇచ్చాను. డిగ్రీ వచ్చింది, గుట్ట ఫ్యాక్టరీకి పోయింది. దాని మీద గడ్డి ఎంత ఎత్తు పెరిగేదో నేను చూడలేదు.